జూదం గురించి, గేమ్ కొనుగోళ్ల గురించి పిల్లలకు ఎలా నేర్పాలి

జూదం చెడ్డదని పిల్లలకు చెప్పడం తేలిక. పదమూడేళ్ల అబ్బాయి ఆ మాట వింటాడు, తల ఊపుతాడు, గదిలోకి వెళ్లి ఫోను తీస్తాడు. ఫోనులోని గేమ్‌లో ఒక పెట్టె మెరుస్తూ ఉంటుంది. తెరిస్తే అరుదైన ఆయుధం రావచ్చు, రాకపోవచ్చు. తెరవడానికి డబ్బు కావాలి. ఇది జూదానికి ఎంత దగ్గరగా ఉందో ఆ అబ్బాయికి తట్టదు. అతడి దృష్టిలో జూదమంటే పేకముక్కలు, గుర్రప్పందేలు, పెద్దవాళ్ల వ్యవహారం. తాను ఆడుతున్నది ఆట.

అందుకే నీతిబోధతో మొదలుపెట్టవద్దని నా మనవి. పిల్లలకు కావలసింది లెక్క. ఒక ఆట మన చేత డబ్బు ఎలా పెట్టిస్తుందో విడమరిచి చూపిస్తే పదేళ్ల పిల్లలు కూడా పట్టుకుంటారు. తమను ఎవరో తెలివిగా ఆడిస్తున్నారని తెలిసినప్పుడు పిల్లలకు వచ్చే రోషం మన హెచ్చరికలన్నిటికన్నా బలమైనది. ఆ లెక్కను ఇంట్లోనో తరగతిలోనో ఎలా నేర్పాలో ఇక్కడ వరసగా చెబుతాను. తల్లిదండ్రులకూ, ఉపాధ్యాయులకూ, తమ్ముడి గురించో చెల్లెలి గురించో దిగులుపడే అన్నలకూ అక్కలకూ ఇది పనికొస్తుంది.

1. ముందు మీరు ఆ గేమ్ ఆడండి

పక్కన కూర్చుని "నాకూ నేర్పు" అని అడగండి. చాలామంది పిల్లలకు ఇది సంబరం. తాము గురువులై పెద్దవాళ్లు శిష్యులయ్యే సందర్భాలు వాళ్లకు ఎన్నో దొరకవు. ఒకటి రెండు సాయంత్రాలు నిజంగానే ఆడండి, ఓడిపోండి. వాళ్లకు అది ఎందుకంత ఇష్టమో అర్థమైతేనే మీరు తర్వాత చెప్పే మాటలకు విలువ ఉంటుంది. అక్కడ స్నేహితులున్నారు, జట్టు ఉంది, సాధన చేస్తే పెరిగే నేర్పు ఉంది. అదంతా దండగ అన్నట్టు మాట్లాడారంటే మీ మాట ఆ రోజుతో చెల్లదు.

ఆ తర్వాత గేమ్‌లోని దుకాణం తెరవమనండి. ఉచితంగా దొరికే గేముల్లో దాదాపు అన్నిటికీ అలాంటిది ఒకటి ఉంటుంది. ధరలు అసలు డబ్బులో ఉన్నాయా, వజ్రాలనో నాణేలనో పిలిచే గేమ్ డబ్బులో ఉన్నాయా చూడండి. "ఇంకా మూడు గంటలే" అని తరిమే గడియారం ఉందేమో చూడండి. ఏమొస్తుందో తెలియకుండా కొనే పెట్టెలు, తిప్పే చక్రాలు, ప్యాకెట్లు ఉంటే, ఒక్కో వస్తువు దొరికే అవకాశం ఎంతో ఎక్కడైనా రాశారేమో వెతకండి. ఇది కంటికి ఎదురుగా ఉండదు. ఏదో చిన్న గుర్తు నొక్కితే వచ్చే మరో తెరలో, చిన్న అక్షరాల్లో ఉంటుంది. అయినా చాలా గేముల్లో ఉంటుంది, ఎందుకంటే 2017 మే నుంచి ఈ అవకాశాలను బయటపెట్టి తీరాలని చైనా ప్రభుత్వం గేమ్ కంపెనీలకు నియమం పెట్టింది. అదే ఏడాది డిసెంబరులో ఆపిల్ కూడా తన యాప్ స్టోర్‌లోని గేములకు ఈ షరతు విధించింది. దొరికిన అంకెను కాగితం మీద రాసి పెట్టుకోండి. ఐదో అడుగులో దానితో పని ఉంది.

2. నిందతో కాకుండా ప్రశ్నతో మాట మొదలుపెట్టండి

"ఇప్పటిదాకా ఎంత తగలేశావు?" అని అడిగితే వచ్చేది అబద్ధమో మౌనమో. దానికి బదులు ఇలా అడిగి చూడండి.

"ఈ గేమ్ తయారుచేసినవాళ్లకు డబ్బు ఎక్కడినుంచి వస్తుందంటావు?"

"ఇది ఫ్రీ గేమ్ కదా నాన్నా."

"మరి అక్కడ పనిచేసేవాళ్లకు జీతాలు ఎవరిస్తున్నారు?"

"స్కిన్లు కొనేవాళ్లు."

"అందరూ కొంటారా?"

"అందరూ కొనరు. మా క్లాసులో ఒకడు మాత్రం చాలా కొంటాడు."

స్కిన్లంటే గేమ్‌లోని పాత్రకో ఆయుధానికో తొడిగే కొత్త రూపాలు. ఇక్కడినుంచి దారి దానంతటదే దొరుకుతుంది. ఉచిత గేముల్లో డబ్బు పెట్టేవాళ్లు తక్కువమంది. వాళ్లలోనూ మరీ ఎక్కువ పెట్టే కొద్దిమంది నుంచే రాబడిలో పెద్ద భాగం వస్తుంది. ఆ కొద్దిమందిని ఈ వ్యాపారంలో ఉన్నవాళ్లు తిమింగలాలు అంటారు. ఈ సంగతి పిల్లలకు చెప్పండి. క్లాసులోని ఆ అబ్బాయి గురించి, తన గురించి వాళ్లే ఆలోచించుకుంటారు.

గేమ్ మధ్యలో ఉన్నప్పుడు, బిల్లు వచ్చి ఇంట్లో అందరూ కోపంగా ఉన్నప్పుడు ఈ మాటలు వద్దు. నడుస్తున్నప్పుడో, ఏదో పని కలిసి చేస్తున్నప్పుడో, ఎదురెదురుగా కాకుండా పక్కపక్కన ఉన్నప్పుడు పిల్లలు ఎక్కువ మాట్లాడతారు. పది నిమిషాలు చాలు. గంటసేపు ఒక్కసారి చెప్పేదానికన్నా పది నిమిషాల చొప్పున పలుమార్లు చెప్పేది నిలుస్తుంది.

3. కొనడానికీ పందేనికీ తేడా చూపండి

గేమ్‌లో పెట్టే ప్రతి పైసా జూదం కాదు. ఆ తేడా తెలియకుండా అన్నిటినీ ఒకే గాట కడితే పిల్లలు మనల్ని నమ్మరు, నమ్మకపోవడం న్యాయం కూడా. ఒక దుస్తుల ధర ఇంత అని రాసి ఉంది, ఇచ్చారు, వచ్చింది. అది కొనుగోలు. కొనాలా వద్దా అన్నది ఆ ఇంటి ఖర్చుల సంగతి. ఒక పెట్టె కొన్నారు, ఏమొస్తుందో తెలియదు. అది అదృష్టం మీద పెట్టిన డబ్బు. ఒక మ్యాచ్ మీద డబ్బు కాశారు, గెలిస్తే డబ్బే తిరిగి వస్తుంది. అది పూర్తి జూదం.

పిల్లలు ఎక్కడైనా వాడుకోగలిగేలా ఒకే ప్రశ్న నేర్పండి: డబ్బు ఇచ్చే ముందే నాకు ఏమొస్తుందో కచ్చితంగా తెలుసా? తెలియదు అన్నది జవాబైతే ఆగాలి.

మధ్యలో ఉన్న ఆ రెండో రకం గురించే దేశదేశాల్లో వాదనలు నడుస్తున్నాయి. ఏవో కొన్ని బొమ్మలు అన్నీ పోగుచేస్తేనే బహుమతి ఇచ్చే పద్ధతిని జపాన్ 2012లోనే చట్టవిరుద్ధమని తేల్చింది. 2018లో బెల్జియం జూద నియంత్రణ సంస్థ మరో అడుగు ముందుకు వేసి, డబ్బు పెట్టి కొనే లూట్ బాక్సులు, అంటే ఏమొస్తుందో తెలియని ఈ పెట్టెలు, జూదమేనంది; ఫిఫా 18, ఓవర్‌వాచ్, కౌంటర్ స్ట్రైక్ గేములను పేరుపెట్టి చెప్పింది. నెదర్లాండ్స్‌లో లూట్ బాక్సుల విషయంలో అధికారులు వేసిన జరిమానాను మాత్రం 2022లో అక్కడి పై కోర్టు కొట్టేసింది. పెద్ద పిల్లలతో ఈ విషయం చర్చకు పెట్టండి, "నువ్వు జడ్జివైతే ఏమంటావు?" అని అడగండి. తీర్పు ఏది చెప్పినా ఫరవాలేదు, కారణం చెప్పమనండి.

స్కిన్ల పందేల గురించి విడిగా ఒక మాట. గేమ్‌లో దొరికిన స్కిన్లను బయటి వెబ్‌సైట్లలో పందెంగా కాయడం ఒక దశలో ఎంత పెరిగిందంటే, కౌంటర్ స్ట్రైక్ తయారుచేసిన వాల్వ్ కంపెనీ 2016లో అలాంటి సైట్లకు ఆపమని నోటీసులు పంపింది. అయినా ఆ తరహా సైట్లు పూర్తిగా పోలేదు. స్కిన్‌ను ఎక్కడైనా డబ్బుకు అమ్ముకోగలిగితే, దాన్ని పందెం కాయడం డబ్బును పందెం కాయడమే. "డబ్బు కాదు, స్కిన్ మాత్రమే" అనే మాట పిల్లల నోట వినిపిస్తే ఆ సంభాషణ అక్కడ వదిలేయకండి.

4. వజ్రాలను డబ్బులోకి మార్చి రాయించండి

ఒక నోటుపుస్తకం తీసి పిల్లలచేతే ఈ లెక్క వేయించండి. ప్యాకెట్‌కు 1,000 వజ్రాలు వస్తాయనుకోండి. కావలసిన దుస్తులు 1,200 వజ్రాలు. కాబట్టి రెండు ప్యాకెట్లు కొనాలి. 800 మిగులుతాయి. మిగిలాయి కదా అని చూస్తే తర్వాతి వస్తువు 950. మళ్లీ ఒక ప్యాకెట్. ఈసారి 850 మిగులుతాయి. ఇవి యాదృచ్ఛికంగా కుదిరిన అంకెలు కావు. ఎప్పుడూ కొన్ని మిగిలి ఉండేలా, మిగిలినవి దేనికీ సరిపోకుండా ఉండేలా అమర్చినవి.

కొన్ని గేముల్లో ఇది ఇంకా చిక్కుగా ఉంటుంది. డబ్బుతో స్ఫటికాలు, స్ఫటికాలతో వజ్రాలు, వజ్రాలతో టికెట్లు, టికెట్లతో పెట్టెలు. నాలుగు మెట్లు దిగేసరికి ఒక పెట్టెకు ఎంత పెట్టామో పెద్దవాళ్లకే తెలియదు. జెన్షిన్ ఇంపాక్ట్ అనే గేమ్ ప్రచురణకర్తపై, అమెరికాలో వినియోగదారుల తరఫున చూసే ఫెడరల్ ట్రేడ్ కమిషన్ మోపిన ఆరోపణల్లో ఈ గజిబిజి ఒకటి. 2025 జనవరిలో ఆ కంపెనీ 2 కోట్ల డాలర్లు చెల్లించడానికి, 16 ఏళ్లలోపు పిల్లలకు తల్లిదండ్రుల అనుమతి లేకుండా లూట్ బాక్సులు అమ్మకుండా ఉండటానికి ఒప్పుకుంది.

తెర మీది మీటల అమరికే ఉచ్చు కాగలదని చెప్పడానికి ఇంకో ఉదాహరణ ఉంది. ఫోర్ట్‌నైట్ తయారుచేసిన ఎపిక్ గేమ్స్ మీద అదే కమిషన్ 2022లో పెట్టిన కేసులో ప్రధాన ఫిర్యాదు ఇది: గేమ్‌ను నిద్రావస్థనుంచి లేపబోతున్నప్పుడు, లోడ్ అవుతున్నప్పుడు, వస్తువును ఊరికే చూద్దామని పక్క మీట నొక్కినప్పుడు కూడా కొనుగోలు జరిగిపోయేది. ఆ కంపెనీ ఆటగాళ్లకు తిరిగి ఇవ్వడానికి 24.5 కోట్ల డాలర్లు చెల్లించాల్సి వచ్చింది. అనుకోకుండా కొన్నానని ఏడ్చే పిల్లలు ఎప్పుడూ అబద్ధమే చెబుతారని అనుకోకండి.

5. పాచికతో ఆడించండి

మొత్తం పనిలో నేను అన్నిటికన్నా ఎక్కువ నమ్మేది ఇదే. కావలసినవి ఒక పాచిక, గుప్పెడు గింజలు, ఒక కాగితం.

పిల్లలకు 40 గింజలు ఇవ్వండి. మీరు బ్యాంకు. పాచిక ఒకసారి వేయాలంటే ఒక గింజ మీకివ్వాలి. ఆరు పడితే మీరు ఐదు గింజలు ఇస్తారు. ఇంకేది పడినా ఏమీ ఇవ్వరు. మొదలుపెట్టే ముందే "ఈ ఆట నీకు లాభమా, నాకు లాభమా?" అని అడిగి జవాబు రాయించండి. చాలామంది తమకే లాభం అనుకుంటారు. ఒకటి ఇస్తే ఐదు వస్తున్నాయి కదా.

వేయనివ్వండి. ప్రతి విసురుకూ కాగితం మీద గీత. మొదట్లో ఒకటి రెండు ఆరులు పడి గింజలు పెరిగితే ఇంకా మంచిది. "ఇప్పుడు ఆపేస్తావా?" అని అడగండి. చాలామంది ఆపరు. గింజలు తగ్గినప్పుడూ అదే ప్రశ్న అడగండి. అప్పుడూ చాలామంది ఆపరు, పోయినవి తిరిగి రాబట్టాలి కాబట్టి. ఈ రెండు జవాబులూ పక్కపక్కన రాయించండి. పాఠంలో సగం ఆ రెండు వాక్యాల్లోనే ఉంది.

తర్వాత లెక్క చూపండి. ఆరు విసుర్లకు ఆరు గింజలు ఇస్తాం, సగటున ఒక ఆరు పడుతుంది, ఐదు వస్తాయి. ప్రతి ఆరింటిలో ఒకటి బ్యాంకుకు. 60 విసుర్లయితే సగటున పది. బ్యాంకు మోసం చేయలేదు, పాచికలో తిరకాసు లేదు. ఆట కొనసాగితే చాలు. కేసినోల్లో బంతి ఏ గడిలో పడుతుందోనని పందెం కాసే రులెట్ చక్రంలోనూ ఇంతే. యూరప్ తరహా చక్రంలో 37 గళ్లుంటాయి, 18 ఎరుపు, 18 నలుపు, ఒక సున్నా. ఎరుపు మీద కాసినా నలుపు మీద కాసినా ఆ ఒక్క సున్నా వల్ల ప్రతి వందలో సగటున 2.7 నిర్వాహకుడికి మిగులుతుంది.

ఇక పాత్రలు మార్చండి. పిల్లలు బ్యాంకు, మీరు ఆటగాడు. దయచేసి ఈ భాగం వదిలేయకండి. బ్యాంకుగా కూర్చున్న పిల్లలకు కాసేపట్లోనే ఒక సంగతి తెలిసొస్తుంది: ఎవరు గెలుస్తున్నారన్నది తనకు అనవసరం, ఎదుటివాళ్లు లేచిపోకుండా ఉంటే చాలు. రోజూ లాగిన్ అయితే ఇచ్చే బహుమతులు, "మళ్లీ రండి" అని వచ్చే సందేశాలు, మొదటి పందెం ఉచితం అనే ఎర ఎందుకున్నాయో అప్పుడు మనం చెప్పనక్కరలేదు.

తరగతిలో చేయిస్తే ఇంకో సత్యం కనిపిస్తుంది. ముప్పైమంది పిల్లలు ఒక్కొక్కరు 60 సార్లు వేస్తే, చివరికి కూడా ఐదారుగురు లాభంలో ఉండవచ్చు. ఆ ఐదారుగురిని మాత్రమే ముందుకు పిలిచి ఎన్ని గెలిచారో చెప్పించండి. తర్వాత మిగతా తరగతిని లేచి నిలబడమనండి. బెట్టింగ్ ప్రకటనల్లో మనకు కనిపించేది ముందుకు వచ్చినవాళ్లే.

ఇప్పుడు మొదటి అడుగులో రాసిపెట్టుకున్న అంకె తీయండి. అరుదైన వస్తువు దొరికే అవకాశం 1 శాతం అనుకుందాం. వంద పెట్టెలు తెరిస్తే తప్పక వస్తుందని పిల్లలు అనుకుంటారు, చాలామంది పెద్దలూ అనుకుంటారు. రాదు. వందేసి పెట్టెలు తెరిచిన వందమందిలో సుమారు 37 మందికి ఆ వస్తువు ఒక్కటి కూడా దొరకదు. మూడేసి వందలు తెరిచినా ఐదుగురు ఉత్త చేతులతో మిగులుతారు. దీన్ని చేతితో చూపాలంటే వంద చీటీల్లో ఒకదాని మీద గుర్తు పెట్టి డబ్బాలో వేయండి. తీసిన చీటీని ప్రతిసారీ మళ్లీ డబ్బాలో వేయాలి. పిల్లల మనసులో ఉండే చిత్రం వేరు. తీసిన చీటీ బయటే ఉంటుందనీ, ప్రతి ఓటమితో గెలుపు దగ్గరవుతుందనీ వాళ్లు అనుకుంటారు. గేమ్ డబ్బాలో చీటీలు తగ్గవు.

కొన్ని గేములు ఇన్ని పెట్టెల తర్వాత కచ్చితంగా ఇస్తామని హామీ ఇస్తాయి. జెన్షిన్ ఇంపాక్ట్‌లో ఐదు నక్షత్రాల పాత్ర 90 ప్రయత్నాల్లోపు వస్తుంది. కానీ వచ్చింది మనం కోరిన పాత్రే కాకపోవచ్చు, అప్పుడు ఇంకో 90 దాకా పోవాల్సి రావచ్చు. కాబట్టి ఒక ప్రయత్నం ధరను 180తో హెచ్చించమనండి. ఆ పాత్రకు గరిష్ఠంగా పడే అసలు ధర అది. దుకాణంలో ఆ అంకె ఎక్కడా కనిపించదు, మన నోటుపుస్తకంలోనే కనిపిస్తుంది.

6. మనసు ఎక్కడ జారుతుందో చెప్పండి

పిల్లలను తెలివితక్కువవాళ్లనడం అన్యాయం. ఈ ఉచ్చులు మనిషి మెదడు పనితీరు మీద కట్టినవి, ఎవరినైనా పట్టుకుంటాయి. మనస్తత్వవేత్త బి.ఎఫ్. స్కిన్నర్ పావురాలతో చేసిన ప్రయోగాల్లో తేలిందేమంటే, మీటను పొడిచిన ప్రతిసారీ గింజ వచ్చేకన్నా, ఎప్పుడొస్తుందో తెలియకుండా వచ్చినప్పుడు అవి మరింత పట్టుగా పొడుస్తూ ఉంటాయి, గింజలు రావడం ఆగాక కూడా తొందరగా మానవు. స్లాట్ మెషీన్ నడిచేది ఆ సూత్రం మీదే. లూట్ బాక్స్ కూడా అంతే.

గేమ్‌లో తిప్పే చక్రం బంగారు గడి పక్కన ఆగినప్పుడు "అబ్బా, కొంచెంలో పోయింది" అనిపిస్తుంది కదా. ఆ "కొంచెం" నిజం కాదు. ఫలితం ముందే తేలిపోయి ఉంటుంది, చక్రం తిరగడం దాన్ని చూపించే బొమ్మ మాత్రమే. పిల్లలు ఇది విని మొదట నమ్మరు. మళ్లీ మళ్లీ గమనించమనండి.

"ఇన్నిసార్లు పోయింది, ఈసారి వచ్చి తీరుతుంది" అన్న నమ్మకం అన్నిటికన్నా పాతది. 1913 ఆగస్టు 18న మోంటే కార్లో కేసినోలో రులెట్ బంతి వరసగా 26 సార్లు నల్ల గడిలో పడింది. ఇక ఎరుపు రాక తప్పదని జనం పందేలు పెంచుకుంటూ పోయి లక్షల ఫ్రాంకులు పోగొట్టుకున్నారు. బంతికి గతం గుర్తుండదు. దీన్ని చూపడానికి చక్కని అభ్యాసం ఒకటుంది. నాణెం వంద సార్లు ఎగరేసినట్టు ఊహించి బొమ్మ, బొరుసు వరసను రాయమనండి. తర్వాత నిజంగా వంద సార్లు ఎగరేసి రాయించండి. ఊహించి రాసినదాంట్లో ఒకే వైపు వరసగా ఐదారుసార్లు పడటం అరుదు. నిజం నాణెం ఒకే వైపును వరసగా ఆరుసార్లు చూపడం మామూలే.

7. బెట్టింగ్ ప్రకటనలను, జోస్యాలను విప్పి చూపండి

మీసాలు వస్తున్న వయసు పిల్లలకు ఇది తప్పనిసరి. "మా అంచనా వరసగా ఐదు మ్యాచుల్లో నిజమైంది, ఆరోది కావాలంటే డబ్బు కట్టండి" అనే సందేశం ఎలా పుడుతుందో చెప్పండి. ఒకడు 1,024 మందికి సందేశాలు పంపుతాడు. సగంమందికి ఒక జట్టు గెలుస్తుందని, మిగతా సగానికి ఇంకో జట్టని. మ్యాచ్ అయ్యాక నిజమైన జోస్యం అందుకున్న 512 మందికే మళ్లీ సగం సగం చేసి పంపుతాడు. 256, 128, 64, 32. ఐదు మ్యాచులు గడిచేసరికి 32 మంది వాడిని దేవుడనుకుంటారు. ఈ లెక్క ఒకసారి కాగితం మీద గీసి చూసిన పిల్లలు దాన్ని స్నేహితులకు కూడా చెబుతారు. చెప్పాలి కూడా.

కెమెరా ముందు పెట్టెలు తెరుస్తూ కేకలు వేసే వాళ్ల సంగతీ మాట్లాడండి. వాళ్లలో కొందరికి ఆ కంపెనీలే డబ్బిస్తాయి, ఆడే సొమ్ము కూడా వాళ్లది కాకపోవచ్చు. ఉచిత బోనస్‌ను బయటికి తీయాలంటే దానికి ఎన్నో రెట్లు పందెం కాయాలనే షరతు తరచూ ఉంటుంది. ఆ షరతు వెతికి పట్టుకోవడం పిల్లలకు పందెంగా ఇవ్వండి, గింజలతో.

8. తాళాలు వేయండి, కానీ చెప్పి వేయండి

ప్రతి కొనుగోలుకూ పాస్‌వర్డ్ అడిగేలా పెట్టండి. పిల్లల ఫోనులో, గేమ్ యంత్రంలో మీ కార్డు వివరాలు ఉంచకండి. ఆపిల్ కుటుంబ ఖాతాలో పిల్లలు ఏది కొనబోయినా మీ అనుమతి అడిగే ఏర్పాటు ఉంది, గూగుల్ ప్లేలోనూ ఉంది. ప్లేస్టేషన్‌లో పిల్లల ఖాతాకు నెలవారీ ఖర్చు పరిమితి పెట్టవచ్చు. బ్యాంకునుంచి ప్రతి చెల్లింపుకూ మీ ఫోనుకు సందేశం వచ్చేలా చూసుకోండి. ఇవన్నీ పిల్లల పక్కన కూర్చుని, ఏది ఎందుకో చెబుతూ చేయండి. చాటుగా వేసిన తాళాన్ని తీయడం వాళ్లకు ఇంకో గేమ్ అవుతుంది.

9. ఇంటి నియమాలు కలిసి రాసుకోండి

నెలకు గేములకు ఎంతన్నది ముందే అనుకోండి. సున్నా కూడా ఒక జవాబే, కానీ అది అనుకుని చెప్పిన సున్నా కావాలి. కొనాలనిపించినది ఏదైనా ఒక రోజు ఆగి కొనాలి. ఆ ఒక్క రోజులో గడియారం గడువు ముగిసిపోతే పోనివ్వాలి. ఏమొస్తుందో తెలియని పెట్టెలు కొనకూడదు. అప్పు తీసుకుని, ఇంకొకరి ఖాతాతో, ఇంకొకరి వయసు చూపి ఆడకూడదు. నా వరకు ఈ చివరి రెండు నియమాల్లో సడలింపు ఉండకూడదు.

పెద్దలకూ ఒక నియమం రాయండి. ఇంట్లో డబ్బు పెట్టి పేకాడుతూ, మ్యాచ్‌ల మీద సరదాగా కాస్తూ పిల్లలకు వద్దని చెప్పలేం.

10. అప్పటికే జరిగిపోయి ఉంటే

డబ్బు మాయమవడం, ఎక్కువ అబద్ధాలు, వస్తువులు అమ్మేయడం, స్నేహితుల దగ్గర అప్పులు, రాత్రి నిద్ర లేకపోవడం, మ్యాచ్ స్కోరు చూసి ఆటకు సంబంధం లేనంత కంగారు. ఇవి కనిపిస్తే ఆలస్యం చేయకండి. మొదటి గంటలో మీరు ఎలా ప్రవర్తిస్తారన్న దాని మీద చాలా ఆధారపడి ఉంటుంది. పిల్లలు మొత్తం ఒకేసారి చెప్పరు, సగం చెప్పి మీ ముఖం చూస్తారు. అరిస్తే మిగతా సగం లోపలే ఉండిపోతుంది. "చెప్పి మంచి పని చేశావు. మొత్తం ఎంతో ఇద్దరం కలిసి రాద్దాం" అనండి.

తర్వాత పనులు. కొనుగోలు రసీదులు, తెర ఫోటోలు పోగుచేయండి. యాప్ స్టోర్‌ను వాపసు అడగండి, ఆలస్యం చేసినకొద్దీ అవకాశం తగ్గుతుంది. గూగుల్ ప్లేలో 48 గంటలలోపే అడిగితే పని సులువు. బ్యాంకు ద్వారా చెల్లింపును వెనక్కి లాగడం చివరి మార్గంగా ఉంచుకోండి, దానివల్ల కొన్నిసార్లు గేమ్ ఖాతానే మూసేస్తారు. అప్పు ఇచ్చినవాళ్లు బెదిరిస్తుంటే వాళ్లతో పిల్లలను మాట్లాడనివ్వకండి, మీరే మాట్లాడండి, అవసరమైతే పోలీసుల దగ్గరకు వెళ్లండి. అప్పు మొత్తం గుట్టుగా మీరే తీర్చేసి ఊరుకోవడమూ మంచిది కాదు. పిల్లలు తమ చేతిఖర్చు నుంచి కొంచెం కొంచెంగా, మోయగలిగినంత, తిరిగి ఇవ్వాలి.

ఆపాలని ఉన్నా ఆపలేకపోతుంటే అది క్రమశిక్షణ లోపం కాదు, వైద్యం అవసరమైన స్థితి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 జనవరి నుంచి అమల్లోకి తెచ్చిన ఐసీడీ 11 వ్యాధుల పట్టికలో జూద వ్యసనంతోపాటు గేమింగ్ వ్యసనం కూడా ఉంది. అదుపు తప్పడం, మిగతా పనులన్నిటికన్నా ఆటకే ప్రాధాన్యం ఇవ్వడం, నష్టం కనిపిస్తున్నా కొనసాగించడం దాని లక్షణాలు. సాధారణంగా ఏడాదిపాటు ఇలా ఉంటే వైద్యులు వ్యసనంగా నిర్ధారిస్తారు, కానీ సలహా కోసం ఏడాది ఆగనక్కరలేదు. మానసిక వైద్యుడినో సలహాదారునో కలవండి. మొదటిసారి పిల్లలు రానంటే మీరొక్కరే వెళ్లండి.

పెద్ద మొత్తం పోగొట్టుకున్న కుర్రవాళ్లు "నేను లేకపోతే మీకు హాయి" లాంటి మాట అంటే దాన్ని బెదిరింపుగా తీసుకోకండి. చచ్చిపోవాలని అనిపిస్తోందా అని సూటిగా అడగండి. అడగడం వల్ల ఆ ఆలోచన కొత్తగా పుట్టదు. ఆ రాత్రి ఒంటరిగా వదలకండి, ఆత్మహత్య నివారణ సహాయ ఫోనుకు వెంటనే చేయండి, ప్రమాదం దగ్గరలో ఉందనిపిస్తే ఆసుపత్రికి తీసుకెళ్లండి. డబ్బు సంగతి మర్నాడు చూసుకోవచ్చు.